సొంత మొమెంటమ్ ఆసిలేటర్ కట్టుకోవాలంటే: ఒక్క ఫార్ములా, ఐదు ఇన్‌పుట్లు, ముందు ఆర్‌ఎస్‌ఐతో సరిచూసుకోవడం

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "అన్నా, ఆర్‌ఎస్‌ఐ 70 దాటింది కదా అని అమ్మేస్తే ఆ షేరు ఇంకో నెల రోజులు పెరుగుతూనే పోయింది. అందుకే ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, మాక్డీ మూడూ కలిపి, అన్ని సెట్టింగులూ మార్చుకునే వీలుండేట్టు ట్రేడింగ్‌వ్యూలో సొంత ఆసిలేటర్ చేసుకుందామనుకుంటున్నా. ఏ ఫార్ములా పెట్టాలి? ఎన్ని ఇన్‌పుట్లు ఇవ్వాలి? టెలిగ్రామ్‌లో ఒకరు 15 వేలకు రెడీగా ఉన్నది ఇస్తామంటున్నారు, కొనమంటారా?"

కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: ఆసిలేటర్ అంటే ధర ఊపును (మొమెంటమ్) కొలిచే గీత; ఆర్‌ఎస్‌ఐ, స్టోకాస్టిక్, మాక్డీ మూడూ అలాంటివే, ఆర్‌ఎస్‌ఐ 0కీ 100కీ మధ్య తిరుగుతుంది. ట్రేడింగ్‌వ్యూ చార్టుల సైటు. క్యాండిల్ అంటే చార్టులో ఒక రోజుదో ఒక గంటదో ధర కదలిక. ముందు సూటిగా జవాబు చెప్తాను తమ్ముడూ, కారణాలు తర్వాత.

మూడూ కలపొద్దు. ఒక్క ఫార్ములా చాలు. క్యాండిల్‌కీ క్యాండిల్‌కీ మధ్య ధర ఎంత మారిందో ఆ మార్పుల సగటు తీయండి. ప్లస్సు, మైనస్సు గుర్తులు పక్కనపెట్టి అవే మార్పుల సైజు సగటు తీయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 100తో గుణించండి. వచ్చే గీత మైనస్ 100కీ ప్లస్ 100కీ మధ్య తిరుగుతుంది. ఇన్‌పుట్లు ఐదుకు మించనీయకండి: లెంగ్త్ (ఎన్ని క్యాండిల్స్ సగటు), సగటు రకం, రెండో స్మూతింగ్ (వచ్చిన గీతను ఇంకోసారి సగటుతో నునుపు చేయడం), దేంతో భాగించాలి, లెవల్స్ కోసం ఎన్ని క్యాండిల్స్ వెనక్కి చూడాలి. కట్టిన వెంటనే దాన్ని మామూలు ఆర్‌ఎస్‌ఐతో సరిచూడండి. ఎట్లాగో కింద రాశాను. ఆ 15 వేలు మీ ఖాతాలోనే ఉంచుకోండి.

నేను ఒంగోల్లో ఉంటాను. చాలా ఏళ్లు బ్రోకింగ్ ఆఫీసులో పనిచేశాను. ఇప్పుడు సొంత ట్రేడింగ్ చేసుకుంటూ, తెలిసినవాళ్లు అడిగితే ఇండికేటర్లు రాసిస్తుంటాను. మీలాంటి ప్రశ్న నాదాకా తరచూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

మూడూ ఎందుకు కలపొద్దంటున్నానో చూడండి. ఆర్‌ఎస్‌ఐ క్లోజింగ్ ధరల నుంచే వస్తుంది. మాక్డీ కూడా అంతే: 12 క్యాండిల్స్ ఈఎంఏ (కొత్త ధరకు ఎక్కువ బరువిచ్చే సగటు) లోంచి 26 క్యాండిల్స్ ఈఎంఏ తీసేస్తే వచ్చేదే అది. స్టోకాస్టిక్ అదే క్లోజింగ్ గత కొన్ని క్యాండిల్స్ హై, లో మధ్య ఎక్కడుందో చెబుతుంది. ఒకే సాక్షిని మూడు చొక్కాలు మార్చి మూడుసార్లు బోనెక్కిస్తే ముగ్గురు సాక్షులు చెప్పినట్టు కాదు. మూడూ ఒకేసారి 'కొను' అంటే మనకు ధైర్యం మూడింతలవుతుంది గానీ సమాచారం పెరగదు. పైగా మూడింటి సెట్టింగులూ కలిస్తే పది పన్నెండు ఇన్‌పుట్లు. ఏది మారిస్తే ఏం జరుగుతుందో కట్టినవాళ్లకే అంతుపట్టదు.

ఇక మీ 70 సంగతి. ఆర్‌ఎస్‌ఐని వెల్స్ వైల్డర్ అనే అమెరికన్ 1978లో తన పుస్తకంలో ఇచ్చాడు. ఏటీఆర్, ఏడీఎక్స్ అనే ఇండికేటర్లు కూడా ఆ పుస్తకంలోవే. 70 అంటే 'బాగా పెరిగిపోయింది, ఇక పడుతుంది' అని అందరూ బట్టీపట్టేశారు. లెక్క చూస్తే అది చెప్పేది చాలా చిన్న విషయం: ఈ మధ్య పెరిగిన సగటు, తగ్గిన సగటుకు 70 భాగించు 30 వంతులు, అంటే 2.33 రెట్లు ఉంది. 80 అయితే నాలుగు రెట్లు. మంచి ఊపులో ఉన్న షేరులో పెరుగుదల, తగ్గుదలకు రెండు మూడు రెట్లు ఉండటంలో వింతేముంది? అది ఊపు ఉందనడానికి గుర్తు. పెరిగే మార్కెట్లో ఆర్‌ఎస్‌ఐ 40కీ 80కీ మధ్య, పడే మార్కెట్లో 20కీ 60కీ మధ్య తిరుగుతుందని ఆర్‌ఎస్‌ఐ మీద పనిచేసిన ఆండ్రూ కార్డ్‌వెల్ ఎప్పుడో చెప్పాడు. చార్టు చూసే అలవాటున్నవాళ్లందరికీ అది కళ్లకు కనిపించేదే. కాబట్టి మీకు నష్టం చేసింది ఆర్‌ఎస్‌ఐ ఫార్ములా కాదు, 70 దగ్గర గీసిన గీత. కొత్త ఇండికేటర్ కట్టి దానిమీద మళ్లీ అదే గీత గీస్తే కథ మొదటికొస్తుంది.

మరి మామూలు మొమెంటమ్ ఎందుకు చాలదు?

ఇక్కడ కాస్త ఆగండి, ఎందుకంటే అసలు కిటుకు ఇదే. అన్నిటికన్నా తేలిక మొమెంటమ్ ఏంటంటే, ఇవాళ్టి ధరలోంచి 14 రోజుల కిందటి ధర తీసేయడం. చాలామంది సొంత ఇండికేటర్ ఇక్కడే మొదలుపెడతారు. అందులో ఉన్న లోపం 2024 జూన్ నిఫ్టీలో చక్కగా కనిపిస్తుంది, ఎక్సెల్ తెరిచి మీరూ చూడొచ్చు.

జూన్ 3న నిఫ్టీ 23,264 దగ్గర ముగిసింది. జూన్ 4న ఎన్నికల ఫలితాలు, ఒక్కరోజులో దాదాపు 6 శాతం పడి 21,884. మర్నాడు 22,620. జూన్ 7కల్లా పడిందంతా తిరిగి వచ్చేసింది. ఇప్పుడు నెలాఖరుకు రండి. జూన్ 24న నిఫ్టీ 23,538. దానికి 14 సెషన్ల వెనక రోజు జూన్ 3. కాబట్టి మొమెంటమ్ 274 పాయింట్లు. జూన్ 25న నిఫ్టీ 23,721, అంటే 183 పాయింట్లు పెరిగింది. కానీ ఈసారి పోల్చాల్సింది జూన్ 4తో. మొమెంటమ్ 1,837! మార్కెట్ కదిలింది 183, ఇండికేటర్ ఎగిరింది 1,563. ఇంకా తమాషా ఏంటంటే, జూన్ 26న నిఫ్టీ మళ్లీ పెరిగి 23,869 అయింది, మొమెంటమ్ మాత్రం 1,249కి పడిపోయింది, ఎందుకంటే ఇప్పుడు పోలిక జూన్ 5తో.

మొమెంటమ్ చూసి ట్రేడ్ చేసినవాళ్లు జూన్ 25న 'బ్రహ్మాండమైన ఊపు' అనుకుని కొంటారు, 26న 'ఊపు తగ్గింది' అనుకుని అమ్ముతారు. ఆ రెండు రోజుల్లో మార్కెట్ చేసిన పని మామూలు పెరుగుదలే. గీతను ఊపింది మూడు వారాల కిందటి ఒక పాత రోజు, లెక్క అంచునుంచి జారిపోతూ. వైల్డర్ 1978లో మొమెంటమ్ మీద చెప్పిన ఫిర్యాదుల్లో ఇది మొదటిది. రెండోది స్కేలు: 300 రూపాయల షేరుకూ 3,000 రూపాయల షేరుకూ ఒకే లెవెల్ పెట్టలేం. ఆ రెండు చిక్కులూ విప్పడానికే ఆయన ఆర్‌ఎస్‌ఐ కట్టాడు. పాత రోజు హఠాత్తుగా జారిపోకుండా, దాని బరువు కొద్దికొద్దిగా కరిగిపోయే సగటు వాడాడు. పైనా కిందా భాగించి స్కేలు గొడవ తీసేశాడు.

నేను పైన చెప్పిన ఫార్ములా కూడా అదే పని చేస్తుంది. పైగా ఒక సౌకర్యం ఉంది.

చిన్న లెక్క చూద్దాం. ఒక షేరు వరసగా 200, 204, 203, 207, 205, 209 దగ్గర ముగిసిందనుకోండి. మార్పులు: +4, −1, +4, −2, +4. అన్నీ కలిపితే +9. గుర్తులు తీసేసి కలిపితే 15. తొమ్మిదిని పదిహేనుతో భాగిస్తే 0.6, అంటే మన గీత +60. ఇప్పుడు ఇదే దానికి ఆర్‌ఎస్‌ఐ పద్ధతి: పెరిగినవి 12, తగ్గినవి 3, మొత్తం 15లో 12 అంటే 80. మన +60లో సగం 30, దానికి 50 కలిపితే 80. సరిపోయింది కదా? ఇది ఈ ఒక్క లెక్కకే కాదు, ఎప్పుడైనా అంతే. మన గీతలో సగానికి 50 కలిపితే ఆర్‌ఎస్‌ఐ. ఆర్‌ఎస్‌ఐ 70 అంటే మన దగ్గర +40, 30 అంటే −40.

అందుకే కట్టగానే చేయాల్సిన పని: సగటు రకం వైల్డర్, లెంగ్త్ 14, రెండో స్మూతింగ్ 1 (అంటే లేనట్టే) పెట్టి, సగానికి 50 కలిపిన గీతను మామూలు ఆర్‌ఎస్‌ఐ మీద వేయండి. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి దాక్కోవాలి. ఎక్కడన్నా కాస్త విడిపోతే మీ కోడ్‌లో తప్పుందని అర్థం. సొంత ఇండికేటర్ కట్టేవాళ్లలో చాలామందికి తమది సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుసుకునే దారే ఉండదు. ఈ ఫార్ములాకు ఆ దారి పుట్టుకతోనే ఉంది, నాకు ఇది నచ్చడానికి పెద్ద కారణం అదే.

దీనికే రెండుసార్లు ఈఎంఏ వేస్తే అది విలియం బ్లౌ 1991లో ఇచ్చిన ట్రూ స్ట్రెంగ్త్ ఇండెక్స్. ఆయన 25, 13 వాడాడు. అంటే ఒకే కోడ్‌లో ఒక చివర ఆర్‌ఎస్‌ఐ, ఇంకో చివర ట్రూ స్ట్రెంగ్త్, మధ్యలో మీక్కావలసినది. 'కస్టమైజ్ చేసుకోవడం' అంటే నా దృష్టిలో ఇదే. అటు చివరా ఇటు చివరా తెలిసిన గట్లున్నప్పుడు మధ్యలో ఎక్కడున్నామో తెలుస్తూనే ఉంటుంది.

ఇన్‌పుట్లు ఒక్కొక్కటీ

లెంగ్త్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తక్కువైతే గీత వణుకుతుంది, ఎక్కువైతే మందగిస్తుంది. రోజు చార్టుకు 14తో మొదలుపెట్టండి.

సగటు రకం దగ్గర జాగ్రత్త. మెనూలో వైల్డర్, ఈఎంఏ, సింపుల్ మూడూ పెట్టండి, కానీ వైల్డర్ 14, ఈఎంఏ 14 ఒకటి కావు. వైల్డర్ సగటులో కొత్త క్యాండిల్‌కు దక్కేది పద్నాలుగో వంతు. ఈఎంఏలో రెండు భాగించు పదిహేను, అంటే దాదాపు రెట్టింపు. వైల్డర్ 14కు సమానమైన ఈఎంఏ 27. రకం మార్చి 'ఈఎంఏతో చాలా ఫాస్టుగా ఉంది, ఇదే బాగుంది' అనుకునేవాళ్లు నిజానికి లెంగ్త్ సగం చేసుకున్నారంతే. సింపుల్ సగటు ఎంచుకుంటే పాత రోజు జారిపోయే జబ్బు మళ్లీ వస్తుంది. పోల్చుకోవడానికి ఉంచండి, వాడకండి.

ఇంకో సంగతి కూడా ఇక్కడే. వైల్డర్ సగటుకు వెనక చరిత్ర కావాలి. లెక్క మొదలైన 14 క్యాండిల్స్ తర్వాత కూడా మొదటి విలువ బరువు 35 శాతం మిగిలే ఉంటుంది. వంద క్యాండిల్స్ దాటితే గానీ అది పూర్తిగా కరగదు. ఎక్సెల్‌లో రెండు నెలల డేటా వేసి 'నా ఆర్‌ఎస్‌ఐ ట్రేడింగ్‌వ్యూతో కలవట్లేదు' అనేవాళ్లకు కారణం సాధారణంగా ఇదే. కొత్తగా లిస్టయిన షేర్లకైతే ఈ ఇండికేటర్ కొన్ని నెలలు అసలు చూడొద్దు.

రెండో స్మూతింగ్: రోజు చార్టులో నేను 5 ఈఎంఏ పెడతాను. 5 ఈఎంఏ అంటే సగటున రెండు క్యాండిల్స్ ఆలస్యం, 9 అయితే నాలుగు. గీత నున్నగా, అందంగా కనిపిస్తుంది కాబట్టి పెంచుకుంటూ పోవాలనిపిస్తుంది. పెంచిన ప్రతిసారీ ఎంట్రీ లేటవుతుందని గుర్తుంచుకోండి.

దేంతో భాగించాలన్నది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఇన్‌పుట్. మామూలుగా మార్పు సైజుతో భాగిస్తాం. దాని బదులు ట్రూ రేంజ్ (నిన్నటి ముగింపును కూడా కలుపుకుని, ఆ రోజు హై, లో మధ్య దూరం) సగటుతో భాగించే వీలు పెట్టండి. తేడా ఎక్కడొస్తుందంటే: షేరు పొద్దున 20 రూపాయలు ఎగిరి, సాయంత్రానికి దిగొచ్చి, నిన్నటికన్నా 2 రూపాయలు ఎక్కువకు ముగిసిందనుకోండి. మార్పు సైజు లెక్కలో అది నిమ్మళమైన 2 రూపాయల పెరుగుదల. ట్రూ రేంజ్ లెక్కలో 20 రూపాయల పెనుగులాటలో మిగిలింది 2. రెండోదే నిజానికి దగ్గర. అందుకే రోజంతా కొట్టుకునే షేర్లలో ట్రూ రేంజ్ వెర్షన్ ఊరికే ఎగిరిపడదు. ఒక్క షరతు: మార్పు సైజు కన్నా ట్రూ రేంజ్ ఎప్పుడూ ఎక్కువో సమానమో అవుతుంది కాబట్టి గీత సున్నాకు దగ్గరగా కుంచించుకుపోతుంది. +40, −40 గీతలు ఇక్కడ చెల్లవు.

లెవల్స్ షేరునే అడగండి

70, 30 బదులు, గత 250 క్యాండిల్స్‌లో (రోజు చార్టులో సుమారు ఒక ఏడాది) మన గీత ఎక్కడెక్కడ తిరిగిందో తీసుకుని, అందులో 90 శాతం విలువలు ఏ అంకెకు కింద ఉన్నాయో అక్కడ పై గీత, 10 శాతం ఉన్నచోట కింది గీత. పైన్ స్క్రిప్ట్‌లో (ట్రేడింగ్‌వ్యూ కోడ్ భాష) పర్సెంటైల్‌కు రెడీ ఫంక్షన్ ఉంది, ఒక్క లైను పని. నెమ్మదిగా కదిలే పెద్ద బ్యాంకు షేరుకూ, గంతులేసే చిన్న కంపెనీకీ గీతలు వాటంతటవే వేర్వేరుగా పడతాయి. మీరు అమ్మేసిన షేరుమీద ఇది వేసి చూడండి. ఏడాదిగా ఊపులో ఉన్న షేరైతే పై గీత 70కి సమానమైన +40 కన్నా బాగా పైనే ఉండి ఉంటుంది.

అప్పుడు కూడా, పై గీత తాకగానే అమ్మకండి. నేను వాడే పద్ధతి చెప్తాను: వారం చార్టులో గీత సున్నా పైన ఉంటే, రోజు చార్టులో అది కిందికి దిగి సున్నా దగ్గరికొచ్చి మళ్లీ పైకి తిరిగినప్పుడు కొంటాను. పై గీత తాకితే కొత్తగా కొనడం ఆపుతాను, ఉన్నదాని స్టాప్‌లాస్‌ను (ఇంతకు పడితే అమ్మేయాలని పెట్టుకున్న ధర) దగ్గరికి జరుపుతాను. అంతకుమించి ఆ గీతకు పని చెప్పను.

రీపెయింట్ అయ్యే చోట్లు

రీపెయింట్ అంటే ముందు చూపించిన గుర్తు తర్వాత మారిపోవడం. క్యాండిల్ ముగియకముందు గీత అటూఇటూ ఊగుతూ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు 'కొను' అని చూపించి, మూడున్నరకు ఆ గుర్తే లేకుండా పోవచ్చు. అందుకే సిగ్నల్ అంతా క్యాండిల్ ముగిశాకే లెక్కపెట్టేట్టు రాయండి, అలర్ట్ కూడా 'క్యాండిల్ ముగింపులో ఒకసారి' అని పెట్టండి. పెద్ద టైమ్‌ఫ్రేమ్ విలువను చిన్న చార్టులోకి తెచ్చేటప్పుడు, ముగిసిన వారం విలువే తీసుకోవాలి. నడుస్తున్న వారం విలువ తీసుకుంటే పాత చార్టులో దేవుడిచ్చిన ఇండికేటర్‌లా కనిపిస్తుంది, రేపు డబ్బు పెట్టాక చేతులెత్తేస్తుంది.

డైవర్జెన్స్ (ధర ఒకవైపు, ఇండికేటర్ ఇంకోవైపు వెళ్లడం) గుర్తులైతే మరీ. ఒక శిఖరం శిఖరమే అని తెలియాలంటే దాని తర్వాత ఐదు క్యాండిల్స్ దిగాలి అనుకోండి. అంటే మనకు తెలిసేది ఐదు క్యాండిల్స్ తర్వాత. కానీ గుర్తు మాత్రం ఐదు క్యాండిల్స్ వెనక్కి, సరిగ్గా శిఖరం మీద పెడతారు. పాత చార్టు చూసినవాళ్లు 'అబ్బ, టాప్‌లో పట్టేసింది' అనుకుంటారు. మీ ఇండికేటర్‌లో డైవర్జెన్స్ పెడితే గుర్తును తెలిసిన క్యాండిల్ మీదే పెట్టండి. చూడ్డానికి బాగుండదు, మోసం మాత్రం చేయదు.

గంట చార్టు వాడేవాళ్లకు ఒక మాట. ఎన్‌ఎస్‌ఈ 9:15 నుంచి 3:30 వరకు, మొత్తం 375 నిమిషాలు. గంట క్యాండిల్స్ వేస్తే ఆరు నిండు క్యాండిల్స్, చివర 15 నిమిషాల తునక ఒకటి. ఆ తునకను కూడా మీ 14లో ఒకటిగా లెక్కేస్తుంది ఇండికేటర్. 75 నిమిషాలు పెడితే రోజుకు సరిగ్గా ఐదు సమాన క్యాండిల్స్. కస్టమ్ టైమ్‌ఫ్రేమ్ ఇచ్చే చార్టు మీకుంటే 75కి మారండి.

డేటా చేసే అల్లరి, మన దగ్గరి కేసులు

ఒంగోలు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో శనగలు పెట్టుకున్న రైతులు, చిన్న వ్యాపారులు నన్ను అప్పుడప్పుడూ అడుగుతుంటారు, 'శనగ ధరకు కూడా ఇట్టాంటి గీత వేసివ్వు' అని. శనగ ఫ్యూచర్స్‌ను 2021 ఆగస్టులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆపించింది, కాబట్టి ఎక్స్ఛేంజ్ చార్టు లేదు. ఉన్నదల్లా జేజీ-11, కాక్-2 లాంటి శనగ రకాలకు రోజువారీ పలికిన ధర, రోజుకు ఒక్క అంకె. హై, లో లేవు, కాబట్టి ట్రూ రేంజ్ పనికిరాదు, మార్పు సైజుతోనే భాగించాలి. పైగా కొన్ని వారాలు ధర అసలు కదలదు. క్వింటాలుకు అదే రేటు రోజుల తరబడి. అప్పుడు కింద ఉన్న అంకె సున్నాకు చేరి లెక్క చెడిపోతుంది, లేదా పది రూపాయల కదలికకే గీత +100కి ఎగురుతుంది. అందుకని కింది అంకె ధరలో ఇంత శాతం కన్నా తక్కువైతే గీత సున్నా చూపించు అని ఒక కాపలా పెట్టాను. మీ కోడ్‌లోనూ అది పెట్టండి. వరసగా అప్పర్ సర్క్యూట్‌లో (ఆ రోజు పెరగగలిగే గరిష్ఠ హద్దు) పడి ఉండే చిన్న షేర్లలో రోజంతా హై, లో ఒకటే ఉంటాయి. అక్కడ నిమిషాల చార్టులో స్టోకాస్టిక్ లాంటివాటికి ఇదే సమస్య వస్తుంది. పొగాకుకైతే ఇలాంటి గీత వేయొద్దనే చెప్తాను. బోర్డు వేలం సీజన్లోనే నడుస్తుంది, గ్రేడును బట్టి రేటు మారుతుంది. అది ఒక ధర వరుస కాదు.

ఎక్స్ఛేంజ్ భావ్‌కాపీ (రోజువారీ ధరల ఫైలు) దించుకుని ఎక్సెల్‌లో చేసేవాళ్లు బోనస్, స్ప్లిట్ చూసుకోవాలి. రిలయన్స్ 1:1 బోనస్‌కు (ఒక షేరుకు ఇంకో షేరు ఉచితం) ఎక్స్‌డేట్, అంటే బోనస్ లేకుండా ట్రేడయ్యే మొదటి రోజు, 2024 అక్టోబర్ 28. ఆ రోజు భావ్‌కాపీలో ధర సగమైంది. సర్దుబాటు చేయకుండా వేస్తే గీత పాతాళానికి పడుతుంది, కోలుకోవడానికి వారాలు పడుతుంది. చార్టింగ్ సైట్లు దీన్ని సర్దే ఇస్తాయి, సొంత డేటాలోనే తంటా.

ఇక నెల్లూరు వైపు మిత్రులొకరు రొయ్యల చెరువులు చేస్తూ, రొయ్యల ఎగుమతి కంపెనీల షేర్లలోనే డబ్బంతా పెట్టారు. 2025 ఏప్రిల్ మొదట్లో అమెరికా సుంకాల ప్రకటన రాగానే ఆ షేర్లు గట్టిగా పడ్డాయి, 90 రోజుల వాయిదా అనగానే మళ్లీ లేచాయి. ఏ ఆసిలేటరూ ఆ ప్రకటనను ముందుగా చూడలేదు, ఎప్పటికీ చూడబోదు కూడా. దానికి తెలిసింది జరిగిపోయిన ధరలే. ఆయనకు నేను చెప్పింది ఇండికేటర్ మార్చమని కాదు. చెరువుకు దెబ్బ తగిలిన రోజే షేర్లకూ తగిలేట్టు పెట్టుకోవద్దని. మీది కావలి కాబట్టి, చెరువులతో సంబంధం ఉంటే మీకూ ఇదే చెప్తాను.

సెట్టింగులు వెతికేటప్పుడు

కోడ్ అయ్యాక అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. నాలుగు ఇన్‌పుట్లకు పదేసి విలువలు పెట్టి చూస్తే పదివేల కలయికలు. పదివేలల్లో ఏదో ఒకటి గతంలో అద్భుతంగా పనిచేసినట్టు కనిపించడం ఖాయం. అది తెలివి కాదు, లెక్క ప్రకారం జరగాల్సిందే. నేను చూసేది శిఖరం కాదు, దాని ఇరుగుపొరుగు. 14 దగ్గర లాభం, 13 దగ్గర, 15 దగ్గర నష్టం వస్తే ఆ 14ని పక్కన పడేస్తాను. 11 నుంచి 18 దాకా అన్నీ ఓ మోస్తరుగా పనిచేస్తే అందులో మధ్యది తీసుకుంటాను, అత్యధిక లాభం చూపినది కాకపోయినా సరే.

కొన్నేళ్ల డేటా మీద వెతికి, మిగతా ఏళ్లను ముట్టుకోకుండా దాచిపెట్టండి. 2015 నుంచి 2020 మీద వెతికితే 2021 తర్వాతిది దాచాలి. అలా వెతికే కాలంలో 2020 మార్చి ఉండాలి. ఆ నెల 23న నిఫ్టీ ఒక్కరోజే 13 శాతం పడింది. అలాంటి రోజు తట్టుకోని సెట్టింగ్ మనకెందుకు? దాచిన భాగం మీద ఒక్కసారే పరీక్షించండి. నచ్చలేదని మళ్లీ సెట్టింగ్ మార్చి మళ్లీ చూస్తే దాచినట్టే కాదు.

ఖర్చులు కలపడం మరిచిపోవద్దు. డెలివరీలో కొన్నా అమ్మినా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను), రెండూ కలిపి 0.2. దానిపైన స్టాంప్ డ్యూటీ, ఇతర చార్జీలు. లెంగ్త్ 14 నుంచి 5కి తగ్గిస్తే ట్రేడులు బాగా పెరుగుతాయి, ఒక్కో ట్రేడ్‌లో లాభం చిక్కిపోతుంది, ఖర్చు మాత్రం ఒక్కోదానికీ అంతే. కాగితం మీద లాభం చూపిన సెట్టింగులు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి. ఇంకా, ఈ గీత చేతికి రాగానే ఆప్షన్స్‌లో దూకకండి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే 2024 సెప్టెంబర్‌లో లెక్క బయటపెట్టింది. వాళ్లలో చాలామంది దగ్గర ఏదో ఒక ఇండికేటర్ ఉండే ఉంటుంది.

ఆ 15 వేల ఇండికేటర్ గురించి. అమ్మేవాళ్లను రెండే అడగండి. ఫార్ములా చూపిస్తారా? బార్ రీప్లేలో (పాత చార్టును మళ్లీ నడిపి చూసే సౌకర్యం) ఒక్కో క్యాండిల్ నడిపి మీ ఎదుట చూపిస్తారా? కోడ్ దాచిపెట్టి, పాత చార్టు స్క్రీన్‌షాట్లు మాత్రమే పంపితే ఆ బాణం గుర్తులు ఏ క్యాండిల్లో తెలిసి ఏ క్యాండిల్ మీద పెట్టినవో మీకు ఎన్నటికీ తెలియదు. ఇండికేటర్‌తో పాటు రోజూ 'ఇది కొను, అది అమ్ము' కాల్స్ కూడా ఇస్తామంటే వాళ్లకు సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు సెబీ సైట్లో మీరే చూసుకోవచ్చు.

మొదట ఎక్సెల్‌లో ఒక షేరుకు మూడు వందల రోజుల క్లోజింగ్ వేసి ఫార్ములా చేత్తో కట్టండి, తర్వాతే పైన్ స్క్రిప్ట్. చేత్తో కట్టినప్పుడే ఏ గడి దేన్ని కదిలిస్తుందో వంటపడుతుంది. కట్టాక ఆర్‌ఎస్‌ఐతో కలిసిందో లేదో ఇక్కడే రాయండి. కలవకపోతే షేరు పేరు, ఒక పది రోజుల విలువలు కూడా పెట్టండి, ఎక్కడ తప్పిందో చూసి చెప్తాను.